అవ్వ ప్రార్థనా, నా వైర్‌లెస్సూ

మొన్న ఉదయగిరిలోని మా పాత ఇంటికి సున్నం వేయించడానికి నాయనా నేనూ ఆత్మకూరు నుంచి పొద్దున బస్సుకు వెళ్ళాము. ఆత్మకూరులో నాకొక చిన్న కొట్టు ఉంది. పుస్తకాలు టైపు చేసి, తప్పులు దిద్ది, పేజీలు కట్టి అచ్చుకు సిద్ధం చేస్తాను. నాయన నా దగ్గరే ఉంటాడు. ఉదయగిరి ఇంట్లో బాడుగకున్నవాళ్ళు ఖాళీ చేశారని అటక మీది సామానంతా దించుతుంటే, సగం చెక్కిన గరిటెల గోతం కింద, అవ్వ పాత చీర ముక్కలో చుట్టిపెట్టిన నా మొదటి ల్యాప్‌టాప్ బయటపడింది. నాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని దుమ్ము ఊది, "ఇది ఇంకా ఉండాదా? మీ అవ్వ నీకంటే దీన్నే ఎక్కువ ముద్దు చేసింది గదమ్మే" అన్నాడు. ఆ తర్వాత సున్నం వేసేవాళ్ళు మళ్ళీ బకెట్టు అడిగేదాకా ఇద్దరం గడప మీద కూర్చుని నవ్వుకుంటూనే ఉన్నాము. వాళ్ళకేం అర్థమవుతుంది, ఒక చచ్చిన కంప్యూటరును చూసి తండ్రీ కూతుళ్ళు ఎందుకు నవ్వుతున్నారో. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో అవ్వ, నాయన, నేను. నాయన చెక్క గరిటెలు, చెమ్చాలు చెక్కేవాడు. పగలు షెడ్డులో పని, సాయంత్రం వచ్చేటప్పుడు సంచి నిండా చెక్కినవి ఇంటికి. వాటిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం అవ్వ పని. మా ఇంట్లో అన్నానికీ, పరుపులకీ, నా పుస్తకాలకీ ఒకటే వాసన, కొత్తగా కోసిన చెక్క వాసన. ఇప్పటికీ ఎక్కడైనా వడ్రంగి కొట్టు ముందు నుంచి పోతే నాకు ఆకలేస్తుంది. అవ్వ వయసులో ఉన్నప్పుడు బైబిలు సంచి భుజానికి తగిలించుకుని దుత్తలూరు వైపు పల్లెలన్నీ నడిచి తిరిగి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చెప్పేదట. నాకు తెలిసేసరికి మోకాళ్ళు అరిగిపోయి మంచానికీ గడపకూ మధ్యే ఆమె లోకం. అయినా ఆ తిరిగిన ఊళ్ళను ఒక్కదాన్నీ వదల్లేదు. రోజూ పొద్దుగూకేవేళ కుటుంబ ప్రార్థనలో వాటన్నిటినీ పేరుపేరునా తలచుకునేది. ఎవరి బావిలో నీళ్ళు తగ్గాయి, ఎవరి కోడలు నెల తప్పింది, మర్రిపాడు పైన వాన ఎందుకు పడలేదు, అన్నీ దేవుడికి విడమరిచి చెప్పేది. పొయ్యి మీద కూర మాడిపోయినా ఆమె ప్రార్థన మధ్యలో ఆగేది కాదు. నాయనా నేనూ చాప మీద మోకరించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ ఊరిదాకా వచ్చిందో వింటూ లెక్క వేసుకునేవాళ్ళం.

నేను ఇంటరుతో చదువు ఆపేశాను. ఈ మాట దిగులుతో చెప్పడం లేదు. ఉదయగిరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశాక, వారం వారం బస్సెక్కి ఆత్మకూరు గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. అక్కడ కిటికీ పక్కన ఒక బీరువాలో, ఎవరూ ముట్టని కంప్యూటరు పుస్తకాలు ఉండేవి. ఎవరో ఇంజనీరు బదిలీ అయి పోతూ ఇచ్చినవట. అన్నీ ఇంగ్లీషువే. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పట్టిన రోజులున్నాయి. అర్థమైన పేజీ మాత్రం ఇక నా సొంతం, ఎవరూ లాక్కోలేరు అనిపించేది. వాటిలో ఒక లావు పుస్తకం కంప్యూటరును నడిపించే లినక్స్ గురించి. దాని వెనక అట్టకు కాగితపు సంచిలో ఒక సీడీ అతికించి ఉండేది. అక్కడి గ్రంథాలయం సారు పొడుగ్గా, సన్నగా ఉండేవాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. నేను ఆ సీడీ అడిగిన రోజు మాత్రం అద్దాలు తీసి నావంక చూసి, "ఇన్నాళ్ళకి దీనికి గిరాకీ వచ్చింది. తీసకపో తల్లీ" అన్నాడు.

ల్యాప్‌టాప్ నాయన నెల్లూరులో ఎవరో వాడి వదిలేసినది కొన్నాడు. దాంట్లో ఉన్నది సరిగా నడవకపోతే, తుడిచిపారేసి సీడీలోని లినక్స్ నేనే ఎక్కించాను. ఊళ్ళో అలాంటి పని చేసినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు, ఆ గర్వానికి నా నడకే మారిపోయిందని నాయన ఎగతాళి చేసేవాడు. ఇంటర్నెట్టు మాత్రం మాది కాదు. మా గోడ అవతల రమణారెడ్డి మామ ఇల్లు. ఊళ్ళో పెద్దరికం చేసే రైతు కుటుంబం, ఎరువుల కొట్టు కూడా ఉండేది, దానికోసం ఫోను లైను మీద ఇంటర్నెట్టు పెట్టించుకున్నాడు. ఆయన పిల్లలకు నేను ఊరికే పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి, "మీ ఇంట్లోకి గాలి రాకుండా గోడ కట్టినాం గానీ దీనికి గోడ లేదంట గదా, వాడుకో" అని పాస్‌వర్డు ఇచ్చాడు. ఆయన ఇంట్లోని వైర్‌లెస్ మా ఇంట్లో ఒక్క మూలనే బాగా అందేది. అది అవ్వ మంచం తలాపున. కరెంటు ప్లగ్గు కూడా అక్కడే. అందుకని ఒక చెక్కపెట్టె మీద ల్యాప్‌టాప్ అక్కడే కాపురం పెట్టింది.

దాంతోనే నాకు పని దొరికింది. నెల్లూరులో ఒక ప్రెస్సు ఓనరు బడిపిల్లల పుస్తకాలు అచ్చువేసేవాడు. చేతిరాత పేజీలు ఫొటోలు తీసి పంపితే నేను తెలుగులో టైపు చేసి తిరిగి పంపాలి. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఆయన ఆ పేజీలు ముందు పెట్టుకుని, కంప్యూటరులోనే మాటలు పంపుతూ, ఫలానా చోట తప్పు, ఫలానా చోట అక్షరం మార్చు అని చెప్పేవాడు. నేను అప్పటికప్పుడు దిద్ది పంపాలి. ఆయన ఇంటికి పోయాడంటే ఇక ఆ పేజీలు మర్నాటికి ఆలస్యం. ఈ పని నిలిస్తే నేను ఉదయగిరిలోనే ఉండొచ్చు. నిలవకపోతే నెల్లూరులో మా మేనత్త ఇంట్లో ఉండి, ఆమె చూసిపెట్టిన చీరల కొట్టులో చేరాలి. నాయనకు అది ఇష్టమై కాదు, నా గురించిన భయంతో. పిల్ల ఎన్నాళ్ళు పెట్టె ముందు కూర్చుంటుంది, నలుగురిలో బతకడం నేర్చుకోవాలి కదా అని. నాకు చీరల మీద కోపం లేదు. కానీ అవ్వను వదిలి, ఆత్మకూరు బీరువాను వదిలి ఉండటం ఎలాగో ఊహకు అందలేదు.

పని మొదలైన కొన్నాళ్ళకే వైర్‌లెస్ పడిపోవడం మొదలైంది. అదీ సరిగ్గా ఓనరు కూర్చునే వేళకే. పగలంతా బాగుండేది. పొద్దుగూకాక, ప్రార్థన అయి నేను వెళ్ళి కూర్చుంటే, మూలన ఉండే వైర్‌లెస్ గుర్తు మాయం. ఏం నొక్కినా పలకదు. కాసేపటికి మొత్తం బిగుసుకుపోతుంది, బాణం గుర్తు కూడా కదలదు. బటను నొక్కి పట్టుకుని ఆర్పి మళ్ళీ లేపితే, ఆ ముసలి యంత్రం ఒళ్ళు విరుచుకుని లేచేసరికి ఓనరు ఇంటికి పోయేవాడు. పైగా టైపు చేసి దాచుకోని ముక్కంతా పోయేది.

వైర్‌లెస్ డ్రైవరు అంటే ఏమిటో నాకు ఆ లావు పుస్తకమే చెప్పింది. గాలిలో వచ్చేదాన్ని పట్టుకునే చిన్న కార్డు ఒకటి కంప్యూటరు కడుపులో ఉంటుంది. దాని భాష కంప్యూటరుకు రాదు, కంప్యూటరు భాష దానికి రాదు. ఇద్దరి మధ్యా దుబాసీ ఈ డ్రైవరు. నా దుబాసీ రోజూ దీపాల వేళకు స్పృహ తప్పి పడిపోతున్నాడు, పడుతూ పడుతూ ఇల్లంతా మీదికి లాక్కుంటున్నాడు. ఎందుకో తెలియాలి.

మొదట చెక్క పొట్టును అనుమానించాను. గాలి ఆడే రంధ్రంలో పొట్టు చేరి వేడెక్కుతోందని, అవ్వను గరిటెలు రుద్దే పని వసారాలో చేసుకోమన్నాను. ఆమె గరిటెలు తీసుకుని వసారాలోకి జరిగి కూర్చుంది. వైర్‌లెస్ మాత్రం పడుతూనే ఉంది. తర్వాత డ్రైవరు కొత్తది దించి ఎక్కించాను. పాతదే నయమని మళ్ళీ పాతది ఎక్కించాను. ఒక సంగతి మాత్రం నన్ను తికమక పెట్టింది. ఆదివారం సాయంత్రాలు అది ఎప్పుడూ పడలేదు. నా చదువునంతా ఉపయోగించి ఒక సిద్ధాంతం కట్టాను. ఆదివారం రమణారెడ్డి మామ కొట్టు మూస్తాడు, లైను మీద బరువు తగ్గుతుంది, అందుకే నిలుస్తోంది. ఈ సిద్ధాంతం పట్టుకుని వెళ్ళి, సాయంత్రాలు ఆయన కొట్టు లెక్కలు కంప్యూటరులో కాకుండా మరోలా చేసుకోగలడా అని అడిగాను. ఆయన పెద్దగా నవ్వి, "నా కొట్లో కంప్యూటరు పొద్దుగూకక ముందే మూసేస్తా గదమ్మే. నాకు తెలిసి మీ దేవుడే ఆదివారం దానికీ విశ్రాంతి ఇచ్చినట్టుండాడు" అన్నాడు. అయినా నా తృప్తి కోసం మోడెం తీసి వడ్ల బస్తాల మీద ఎత్తున పెట్టించాడు.

అంతలో ఓనరు ఫోను చేశాడు. మంచివాడే, కానీ ఆయన ఓపిక పొట్టిది. నా పని శుభ్రంగా ఉందని, కానీ పిలిచిన వేళకు పలకని మనిషితో పుస్తకం నడవదని అన్నాడు. ఈ వారం చూస్తాను, సరిపడకపోతే మిగతాది నెల్లూరులో అమ్మాయికి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోవద్దు అన్నాడు. మర్నాడు నాయన మేనత్తకు ఫోను చేసి, వాళ్ళ ఇంట్లో పై గది ఖాళీగా ఉందా అని అడిగాడు.

నేను బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళాను. గ్రంథాలయం సారుకు గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయనకు కంప్యూటరు రాదు. అయినా అంతా విని, "ఇన్ని మందులు మింగించినావు గానీ జబ్బు మొదలయ్యేటప్పుడు పక్కన ఎవరైనా ఉండి చూసినారా?" అని అడిగాడు. లావు పుస్తకంలో కూడా అదే ఉంది. బాగుచేయడానికి ముందు, పడే ముందు ఏం జరిగిందో చూడమని. లినక్స్ యంత్రం తాను చేసే ప్రతి పనినీ లోపల తనకు తానే చెప్పుకుంటూ ఉంటుంది, ఆ మాటలు ఎలా చూడాలో ఆ పుస్తకం నేర్పింది. ఇంటికి వచ్చి చూశాను. ప్రతి సాయంత్రమూ డ్రైవరు పడే ముందు యంత్రం ఒకటే మాట చెప్పుకుంటోంది, నేను నిద్రపోతున్నాను అని. దాని కింది వరుసలోనే, లేచాను అని. ఆ తర్వాత డ్రైవరు కేకలు. అంటే నిద్ర లేచాక దుబాసీకి భాష గుర్తు రావడం లేదు, అంతవరకూ తేలింది. కానీ నేను దాన్ని నిద్రపుచ్చలేదు. నిద్రపోవాలంటే దాని మూత మూయాలి. మూత ఎప్పుడు చూసినా తెరిచే ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం నుంచీ ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. మంచినీళ్ళు కూడా అక్కడికే తెచ్చుకున్నాను. అది చక్కగా నడుస్తూనే ఉంది. పొద్దుగూకింది. నాయన చాప పరిచాడు. అవ్వ మంచం అంచుకు జరిగి కూర్చుని గొంతు సవరించుకుంది. అప్పుడు తట్టింది నాకు, రోజు మొత్తంలో నేను దాన్ని చూడని సమయం ఇదొక్కటేనని. ఆదివారం ప్రార్థన ఇంట్లో ఉండదు, సాయంత్రం కూడికకు అవ్వను చెరో పక్కా పట్టుకుని చర్చికే పోతాము. మోకరించాను, కళ్ళు మూసుకున్నాను. అవ్వ దుత్తలూరు దాటి తర్వాతి ఊరికి వచ్చేసరికి, జన్మలో మొదటిసారి, ప్రార్థనలో ఒక కన్ను తెరిచాను.

అవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి. నోటితో ఎవరి గేదెనో దేవుడికి అప్పజెబుతూనే, ఎడమచెయ్యి మెల్లగా చాపి, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి సర్దినట్టు ల్యాప్‌టాప్ మూత కిందికి దించింది. ఆ తర్వాత తానూ కళ్ళు మూసుకుని నిశ్చింతగా ప్రార్థన సాగించింది. ఊళ్ళన్నీ అయ్యాయి. ఆమెన్‌కు కాస్త ముందు మళ్ళీ చెయ్యి చాపి, చప్పుడు కాకుండా మూత పైకెత్తి, నేను పెట్టిన చోటికే, అంత వాలుగానే నిలబెట్టింది.

ఆమెన్ అయ్యాక నాకు నవ్వు ఆగలేదు. "అవ్వా, దాన్ని ఎందుకు మూస్తా ఉండావు?" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోలేదు సరికదా, నన్నే నిలదీసింది. "ప్రార్థనలో నువ్వు కళ్ళు తెరిచినావా?"

"నువ్వూ తెరిచినావు గదా."

"నాకు పని ఉండి తెరిచినా. ఇంట్లో అందరం కళ్ళు మూసుకోని ఉంటే, అదొక్కటి మిడిగుడ్లేసుకోని మనల్ని చూస్తా ఉండాది. దానికి చెప్పేవాళ్ళు ఎవురు? అందుకే మూస్తా. నీ పని చెడకూడదని మళ్ళీ తెరిచి పెడతా ఉండా."

నాయన చాప మీద వెనక్కి పడి నవ్వాడు. గోడ అవతల నుంచి రమణారెడ్డి మామ ఏందిరా అని అడిగితే, నాయన నవ్వులోనే విషయం చెప్పాడు. చెక్క పొట్టూ కాదు, కొట్టు లెక్కలూ కాదు. ఇంటి ఆచారం అందరికీ ఒకటేనని నమ్మిన మనిషి, నా కంప్యూటరుకు కూడా భక్తి నేర్పుతోంది.

తాను మూత మూయడం వల్లే నా పని చెడుతోందని తెలిశాక అవ్వ చాలా బాధపడింది. ఇక దాన్ని ముట్టను అంది. మర్నాడు ముట్టలేదు కూడా. కానీ ఆ సాయంత్రం ప్రార్థన ఎంత పొట్టిగా అయిపోయిందంటే, కూర ఇంకా ఉడకనే లేదు. సగం ఊళ్ళు వదిలేసింది. మధ్య మధ్యలో తడబడింది. తెర వెలుగు ముఖం మీద పడుతుంటే, ఎవరో అపరిచితుడు ఇంట్లో కూర్చుని చూస్తుండగా మాట్లాడుతున్నట్టు ఇబ్బంది పడిందని నాకు అర్థమైంది. ఆ రోజు వైర్‌లెస్ పడలేదు. ఓనరు మెచ్చుకున్నాడు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. నెల్లూరు పోకుండా అవ్వ దగ్గర ఉండటానికే కదా ఈ తంటాలన్నీ. ఆ అవ్వ తన ఇంట్లో తాను ప్రార్థించుకోలేకపోతే ఉండి ఏం లాభం? మారాల్సింది అవ్వ కాదు, యంత్రం.

మళ్ళీ ఆత్మకూరు, మళ్ళీ లావు పుస్తకం. మూత మూస్తే యంత్రం ఏం చేయాలో మనమే చెప్పవచ్చని చివరి అధ్యాయాల్లో ఒకచోట ఉంది. నిద్రపోవద్దు, తెర మాత్రం ఆర్పు అని చెప్పవచ్చు. ఒకవేళ నిజంగా నిద్రపోవాల్సి వస్తే, ముందుగా డ్రైవరును మర్యాదగా బయటికి పంపి, లేచాక మళ్ళీ లోపలికి పిలవాలి. అప్పుడు దుబాసీ కొత్తగా వచ్చినవాడిలా తాజాగా పని మొదలుపెడతాడు. రెండూ చేశాను. తిరుగు బస్సులో ఆ పేజీలోని వాక్యాలు మనసులో వల్లె వేసుకుంటూ వచ్చాను కాబట్టి ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఇప్పుడు నా కొట్టులో కంప్యూటర్లు వాటి జబ్బులు అవే నయం చేసుకుంటాయి. ఏదైనా పడితే ఫోనులో అడుగుతాను, కన్ను ఆర్పేలోపు జవాబు వస్తుంది, సాయంత్రానికి మరిచిపోతాను. అప్పుడు ఒక్క జవాబు కోసం బస్సెక్కి, నిఘంటువు తిరగేసి, సారు మందలింపు విని, ఇంట్లో ముగ్గురి అలవాట్లూ పరిశీలించాల్సి వచ్చింది. ఇప్పటి సుఖాన్ని నేను కాదనను, మళ్ళీ ఆ బటను నొక్కి పట్టుకుని కూర్చునే ఓపిక నాకు లేదు. కానీ అప్పటి జవాబులు ఒక్కటీ మరిచిపోలేదు. ఈ వేగంలో పోయింది ఏమన్నా ఉంటే అదేననుకుంటాను, జవాబుకు ఒక ఇల్లూ, ఒక దారీ ఉండేవి.

ఓనరు ఇచ్చిన వారంలో చివరి సాయంత్రం, చాప పరిచాక నేనే అవ్వతో చెప్పాను, మూత మూసెయ్యి అవ్వా, ఇక ఏమీ కాదు అని. ఆమె నమ్మకం లేకుండానే నావంక చూసి, మూత దించి, దాని మీద ఒకసారి చేత్తో తట్టింది. ప్రార్థన మొదలైంది. దుత్తలూరు వచ్చింది, మర్రిపాడు వచ్చింది, వానా, గేదెలూ, నెలతప్పిన కోడళ్ళూ అందరూ వచ్చారు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను గానీ చెవులన్నీ చెక్కపెట్టె మీదే. మూత కింద వైర్‌లెస్ బతికుందో లేదో తెలుసుకునే దారి లేదు. పొయ్యి మీద కూర అడుగంటిన వాసన వచ్చింది. అప్పుడు, మూసిన ల్యాప్‌టాప్ లోపల నుంచి, నెల్లూరులో కూర్చున్న మనిషి పిలుపు టింగుమని వినిపించింది. కాసేపటికి మళ్ళీ టింగుమంది.

చాప మీద నాయన కదిలిన చప్పుడు వినబడింది. అవ్వ ఆగలేదు. గొంతు మారలేదు. ఎదురు చూస్తున్న చుట్టానికి పీట వేసినంత సహజంగా, "ప్రభువా, ఆ నెల్లూరు ఆయన వచ్చి కూచోని ఉండాడు. మా పాప వస్తాది. అందాకా ఆయనకి కూడా రోంత ఓపిక ఇయ్యి తండ్రీ" అని, మిగిలిన ఊళ్ళ వైపు సాగిపోయింది.